అమ్మ గదికి మొగలి పరిమళం

2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుపాను ఒడిశాలోని గోపాలపురం దగ్గర తీరం దాటినప్పుడు, బరంపురంలోని మా ఇంట్లో ఎవరి కంటి మీదా కునుకు లేదు. గంటకు 200 కిలోమీటర్ల వేగంతో వీచిన ఆ గాలికి వంటింటి రేకులు ఒక్కొక్కటీ లేచిపోతుంటే, అమ్మ దేవుడి గది గుమ్మం పట్టుకొని తెల్లవార్లూ నిలబడే ఉంది. అప్పటి నుంచి గాలి కాస్త గట్టిగా వీస్తే చాలు, ఆమెకు నిద్ర పట్టదు. డాక్టరు రాసిన మందు వేసుకుంటూనే ఉంది. దానికి తోడుగా, పడుకునే వేళకు మనసు కుదుటపడే వాసన ఒకటి గదిలో ఉంటే బాగుంటుందని నేను సుగంధ తైలాలు కలపడం మొదలుపెట్టాను.

అందరూ చెప్పినట్టే మొదట లావెండర్ తైలం తెచ్చాను. అందులోని లినలూల్, లినలైల్ ఎసిటేట్ అనే పదార్థాలకు ఆందోళనను కొంత తగ్గించే గుణం ఉందని చిన్న చిన్న పరిశోధనలు చెబుతున్నాయి. కానీ దూది మీద రెండు చుక్కలు వేసి తలగడ పక్కన పెట్టగానే అమ్మ ముఖం తిప్పుకొంది. "ఏటే ఇది, ఆసుపత్రి వాసనేస్తోంది" అంది. ఆమె మాటలో తప్పేమీ లేదు. ఎప్పుడూ చూడని కొండల్లో పూసే పువ్వు ఆమె ముక్కుకు ఏ జ్ఞాపకాన్నీ ఇవ్వలేదు, సబ్బునూ ఫినాయిల్‌నూ తప్ప. మనసును నిమ్మళపరచే వాసన ఏదో తెలుసుకోవాలంటే, ముందు ఆ మనిషి చిన్నతనంలో ఏ వాసన మధ్య నిద్రపోయిందో అడగాలని నాకు ఆరోజు అర్థమైంది.

అడిగితే, పట్టుచీరల ట్రంకుపెట్టె గురించి చెప్పింది. మా అమ్మమ్మ బరంపురం పట్టుచీరల మడతల మధ్య మొగలి రేకులు పెట్టేదట. వానాకాలంలో పెట్టిన రేకు ఎండి గలగలలాడుతున్నా, సంక్రాంతికి పెట్టె తెరిస్తే గది అంతా ఆ వాసనే ఉండేదట. ఆ చీరల్లో ఒకటి కప్పుకొని అమ్మమ్మ పక్కన పడుకొనేదాన్నని చెబుతున్నప్పుడు ఆమె గొంతు మెత్తబడింది.

మొగలి మాకు దూరమైనదేమీ కాదు. ఒడియాలో కియా అని పిలిచే ఈ పొద, ఛత్రపురం, రంగైలుండా వైపు పొలాల గట్ల మీద, ఇసుక నేలల్లో ముళ్ల కంచెలా పెరుగుతుంది. మగ చెట్టుకూ ఆడ చెట్టుకూ తేడా ఉంది. మనం పువ్వు అని పిలిచే ఆ సువాసన గల పొత్తి మగ చెట్టుకే వస్తుంది. దేశంలో తయారయ్యే మొగలి అత్తరులో ఎక్కువ భాగం గంజాం జిల్లా నుంచే వెళుతుంది. ఇక్కడి పువ్వుకూ, దాని నుంచి తీసే రూహ్ అనే శుద్ధ తైలానికీ భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. శివపూజకు పనికిరాదని పక్కన పెట్టిన పువ్వే అయినా, మొగలి పొదలో పాములుంటాయని పెద్దవాళ్లు ఎంత భయపెట్టినా, మా ప్రాంతంలో ఎన్నో కుటుంబాలకు అది అన్నం పెడుతోంది.

ఒక శ్రావణమాసంలో తెల్లవారుజామున నేను ఛత్రపురం దగ్గర అత్తరు తీసే ఒక బట్టీకి వెళ్లాను. పువ్వు విచ్చుకొన్న కొద్దీ వాసన గాలిలో కలిసిపోతుంది కాబట్టి, చీకటితోనే కోసి, ఎండ ముదరక ముందే బట్టీకి చేర్చాలి. పొయ్యి మీద దేగ్ అనే పెద్ద రాగి పాత్రలో పువ్వులూ నీళ్లూ వేసి, మూతను మట్టితో మెత్తి, తాడు చుట్టిన వెదురు గొట్టం గుండా ఆవిరిని నీటి తొట్టిలో ఉంచిన భప్కా అనే మరో రాగి పాత్రలోకి పంపుతున్నారు. ఆ భప్కాలో ముందే గంధం తైలం పోసి ఉంచితే అందులోకి దిగిన వాసన అత్తరు అవుతుంది. ఏ తైలమూ లేకుండా నీటి మీద తేలిన శుద్ధ తైలాన్ని తీస్తే రూహ్ అవుతుంది. మిఠాయిలలో చల్లుకొనే కేవడా నీళ్లు, అంటే మొగలి నీళ్లు, కూడా ఈ బట్టీ పట్టడం నుంచే వస్తాయి. అక్కడ పనిచేసే పెద్దాయన మాట్లాడుతూనే తడి గుడ్డతో భప్కా మెడను తుడుస్తూ, అరచేత్తో దాని వేడిని చూస్తూ ఉన్నారు. ఎప్పుడు మంట తగ్గించాలో ఆ అరచేయే ఆయనకు చెబుతోంది. వేల పువ్వులు మరిగితే కొద్దిపాటి రూహ్ దక్కుతుంది కాబట్టి దాని ధర కిలోకు లక్షల్లో ఉంటుంది. అందుకే కల్తీ కూడా ఎక్కువ. బజారులో ఒక దుకాణంలో శుద్ధమైనదని చెప్పి నాకు అమ్మిన మొగలి తైలాన్ని తెల్ల కాగితం మీద చుక్క వేసి ఉంచితే, మూడు రోజులైనా జిడ్డు మరక పోలేదు, వాసన మాత్రం తొలి గంటలోనే పోయింది. అందులో పారాఫిన్ నూనె కలిపి ఉంటారని అనుకొన్నాను. గంధం, వట్టివేరు వంటి చిక్కని తైలాలు సహజంగానే మరక వదులుతాయి కాబట్టి, ఈ పరీక్షను వాటికి పెట్టకూడదు.

అసలైన రూహ్ రెండు గ్రాములు సంపాదించిన తరువాత నేను పెద్ద పొరపాటు చేశాను. లావెండర్‌తో సమానంగా మొగలిని కలిపాను. మొగలి వాసనలో సింహభాగం ఫినైల్ ఈథైల్ మిథైల్ ఈథర్ అనే ఒక్క పదార్థానిది. అది ఎంత తీపిగా ఉంటుందో అంత పదునుగానూ ఉంటుంది. పది నిమిషాలకే అమ్మకు తలనొప్పి వచ్చింది, ఆ రాత్రి తలుపులు బార్లా తెరిచి పడుకోవలసి వచ్చింది. ఆమెకు హాయినివ్వాలని చేసిన పని ఆమెనే బాధపెట్టినందుకు నాకు చాలా కష్టంగా అనిపించింది. తరువాత ఆలోచిస్తే, ట్రంకుపెట్టెలోది నెలల తరబడి ఎండి, పట్టులోనూ పాత చెక్కలోనూ ఇంకి, తన పదునంతా పోగొట్టుకొన్న మొగలి అని తట్టింది. కాబట్టి నేను పట్టుకోవలసింది పువ్వును కాదు, రేకు వదిలిన జాడను.

అప్పటి నుంచి మొగలిని నేరుగా వాడటం మానేశాను. ఒక చుక్క రూహ్‌ను తొమ్మిది చుక్కల గంధం తైలంలో కలిపి ముందే పలుచన చేసి పెట్టుకొంటాను. ఆ తరువాత అడుగు వాసనతో మొదలుపెడతాను. వాసనల్లో త్వరగా ఎగిరిపోయేవి, మధ్యలో నిలిచేవి, అడుగున చివరిదాకా ఉండేవి అని మూడు రకాలు ఉంటాయి. నిద్ర కోసం కలిపేటప్పుడు చివరిదాకా ఉండేవాటిదే పెద్దపీట. నాకు కుదిరిన పాళ్లు ఇవి: వట్టివేరు రెండు చుక్కలు, గంధం మూడు, లావెండర్ ఐదు, నారింజ తొక్క తైలం నాలుగు, పలుచన చేసిన మొగలి ఒక్కటంటే ఒక్క చుక్క. వట్టివేరు తైలం తేనెలా చిక్కగా ఉండి చుక్క పెద్దదిగా పడుతుంది కాబట్టి, సీసాను అరచేతుల మధ్య కాసేపు వెచ్చబెట్టి వంచాలి. గ్రాములో నూరో వంతు చూపే చిన్న త్రాసు ఉంటే ఇంకా మంచిది. లావెండర్‌ను అమ్మ ఇప్పుడు గుర్తుపట్టనే లేదు. వట్టివేరు మట్టివాసన కింద అది ఒదిగిపోయింది.

కలిపిన వెంటనే తీర్పు చెప్పకూడదు. గోధుమరంగు గాజు సీసాలో పోసి, తేదీ రాసి, రెండు వారాలు చీకటి అలమారాలో ఉంచితే వాసనలు ఒకదానిలో ఒకటి కలుస్తాయి. వాసన చూసేటప్పుడు కూడా మూడు నాలుగుసార్లకే ముక్కు మొద్దుబారుతుంది. నేను పెరట్లోకి వెళ్లి కాసేపు తిరిగి వచ్చి మళ్లీ చూస్తాను.

ఒంటికి రాసుకోవాలంటే ఈ మిశ్రమాన్ని అలాగే రాయకూడదు. 30 మిల్లీలీటర్ల బాదం నూనెకు పన్నెండు చుక్కలు కలిపితే సుమారు 2 శాతం అవుతుంది. అమ్మ చర్మం పలుచబడింది కాబట్టి నేను ఆరు చుక్కలే వేస్తాను. మొదటిసారి మోచేతి లోపల కొద్దిగా రాసి ఒక రోజు ఆగి చూశాను. లోపలికి పుచ్చుకోవడం అసలే పనికిరాదు. పసిపిల్లలు, ఉబ్బసం ఉన్నవాళ్లు ఉన్న ఇళ్లలో డాక్టరును అడిగిన తరువాతే వాడాలి. పిల్లుల కాలేయం ఈ పదార్థాలను సరిగా విరగ్గొట్టలేదు కాబట్టి వాటిని ఆ గదిలోకి రానివ్వకూడదు. వాసనను గదిలోకి వెదజల్లే డిఫ్యూజర్‌ను నేను అరగంటకు మించి ఉంచను. నారింజ తైలం పాతబడితే చర్మానికి మంట పుట్టిస్తుంది, కాబట్టి ఏడాది దాటిన సీసాను పారబోయడానికి వెనకాడను.

కిందటి నెల అల్పపీడనం పట్టి రాత్రంతా గాలి వీచింది. అమ్మ హాయిగా నిద్రపోయిందని చెప్పను, రెండుసార్లు లేచింది. కానీ లేచి గుమ్మం దగ్గరికి వెళ్లలేదు, ఆ మిశ్రమం చుక్క వేసిన చేతిరుమాలును ముక్కు దగ్గర పెట్టుకొని అటు తిరిగి పడుకొంది. తెల్లవారాక ఆ మిశ్రమాన్ని ట్రంకుపెట్టెలో కూడా పెట్టమని అడిగింది. పట్టుకు తైలం తగిలితే మరక పడుతుంది కాబట్టి, దూదిని ఒక చిన్న సీసాలో ఉంచి, రెండు చుక్కలు వేసి, మూతికి పలుచని గుడ్డ కట్టి, అమ్మమ్మ చీర పక్కన ఒక మూలగా నిలబెట్టాను.