తొక్కింది తక్కువ, ఆగింది ఎక్కువ

లెక్కలు రాయడం నా ఉద్యోగం. శ్రీశైలానికి సైకిల్ మీద బయల్దేరినప్పుడు కూడా అలవాటు కొద్దీ జేబులో చిన్న నోటు పుస్తకం పెట్టుకున్నా. మావాళ్లు నవ్వారు. మొదటి రోజు రాత్రి నరసరావుపేట లాడ్జిలో అది తీసి చదివితే మాత్రం ఎవరూ నవ్వలేదు.

మొత్తం ఆరుగురం. రిటైరైన డ్రిల్లు మాస్టారు, డాక్టరమ్మ, నేను, మా బావమరిది, ఇద్దరు ఇంజనీరింగ్ కుర్రాళ్లు. విజయవాడలో మొదలుపెట్టి గుంటూరు, నరసరావుపేట, వినుకొండ, మార్కాపురం, దోర్నాల మీదుగా నాలుగు రోజుల ప్లాను. దోర్నాల దాటాక అడవి దారి రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా మూసేస్తారు, తర్వాత అంతా ఘాట్ రోడ్డు. అందుకే టైము లెక్క తప్పకూడదని మాస్టారి పట్టు.

డిసెంబరు ఆఖరి వారం, తెల్లవారుజామున 5:15. ప్రకాశం బ్యారేజీ మీద మంచులో కృష్ణే కాదు, మాస్టారి సైకిల్ వెనక ఎర్ర లైటు తప్ప ఏదీ కనబడలేదు. 1957 నాటి ఈ బ్యారేజీ మీదుగానే మా నాన్న వెనక బియ్యం బస్తా కట్టుకుని సీతానగరం వెళ్లేవాడట. మేం గేర్ల సైకిళ్ల మీద వెళ్తూ, సీటు గట్టిగా ఉందని అప్పుడే గొణుగుతున్నాం.

అవతలి ఒడ్డున మొదటిసారి ఆగాం. ఒక కుర్రాడి గ్లవ్స్ బ్యాగు అడుగున ఉండిపోయాయి. మంగళగిరిలో టీ. పానకాలస్వామి దగ్గరికెళ్లి పానకం తాగొద్దామని బావమరిది అంటే కొండ మెట్లు చూపించి నోరు మూయించాం. కాజ టోల్‌గేటు దగ్గర సైకిళ్లకి టోలు లేదన్న ఆనందంలో ఫొటోలు. గుంటూరు చేరేసరికి పుస్తకంలో లెక్క: 35 కిలోమీటర్లు, తొక్కింది రెండు గంటలు, ఆగింది గంటా నలభై.

ఒక్కడే వెళ్తే ఆగడం మన చేతిలో ఉంటుంది. ఆరుగురిలో ఒకరికి దాహమేస్తే ఆరుగురూ దిగాలి. మళ్లీ ఎక్కబోతుంటే ఇంకొకరికి ఫోను. ఈలోగా వేడెక్కిన కాళ్లు చల్లబడి మోకాళ్లు పట్టేస్తాయి.

పేరేచర్ల దాటాక బావమరిది వెనక చక్రం పంక్చరైంది. కొత్త ట్యూబు వేశాడు, మూడు కిలోమీటర్లు పోకుండానే అదీ కూర్చుంది. టైరు లోపల వేలితో తడమకుండా వేశాడు మహానుభావుడు. మాస్టారు టైరు తిరగేసి బొటనవేలితో మెల్లగా రాస్తూ వెళ్లి ఒకచోట ఆగారు. తుమ్మముల్లు. బయటి ముక్క విరిగిపోయి లోపల మొన గోరంచంత మిగిలింది. పక్క ఊళ్లో గాలి కొట్టించబోతే షాపు గొట్టం మా సన్న వాల్వుకి పట్టలేదు. దానికి తొడిగే ఇత్తడి బిరడా ఇంట్లో సొరుగులో భద్రంగా ఉంది. ఆరుగురికీ ఉన్న ఒకే ఒక్క చేతిపంపుతో వంతులేసుకుని కొట్టాం. అక్కడే గంటా పది.

ఆ రాత్రి మాస్టారు చట్టం చేశారు. ఇరవై కిలోమీటర్లకో విజిల్, పది నిమిషాలు. నీళ్లు, ఫోను, ఫొటో అన్నీ అప్పుడే. అందరికంటే నిదానంగా తొక్కే డాక్టరమ్మ ముందు, వేగం ఆవిడదే. అంతవరకూ దూసుకెళ్లి చెట్టు కింద మాకోసం ఎదురుచూసిన కుర్రాళ్లు మొహాలు ముడుచుకున్నారు గానీ, మర్నాడు వినుకొండ దారిలో ఆరుగురం ఒక్క వరసలో సాగుతుంటే వాళ్లకీ నచ్చినట్టే ఉంది. రెండు పక్కలా పత్తి చేలు, లారీల నుంచి రాలిన దూది రోడ్డు అంచున తెల్లగా.

పదమూడో కిలోమీటరు దగ్గర విజిల్ మోగింది. తేగల బండి! మాస్టారు అప్పటికే ఒకటి నిలువునా చీల్చి, మధ్యలోని చందమామ తీసి డాక్టరమ్మ చేతిలో పెడుతున్నారు. ఇరవై నాలుగు నిమిషాలు. నేను పుస్తకం తీయగానే ఆయన చూశారు.

"దాన్ని ఆగినట్టు రాయకయ్యా, టిఫిను కింద రాయి."