ఉపకారములు చేయువారు కూడా వరాల వరుసలోనే

స్వస్థత కూడికలకు గోడపత్రికలు అచ్చవుతాయి. ప్రవచన వరం గల దైవజనులు వస్తున్నారంటే సెంటర్లో ఫ్లెక్సీలు కడతారు. సంఘం కానుకల లెక్క పైసా తేడా రాకుండా రాసే అన్నకు, మంచం పట్టిన ముసలమ్మ ఇంటికెళ్లి ఒళ్లు తుడిచి, గంజి తాగించి వచ్చే అక్కకు ఫ్లెక్సీ కట్టిన ఊరు నాకైతే తెలియదు. కట్టమని అడగడం లేదు. వాళ్లది వరమనీ, అంటే సంఘం మేలు కోసం దేవుని ఆత్మ ఇచ్చే సామర్థ్యమనీ, వీళ్లది ఏదో చేతిసాయమనీ మనం గీసుకున్న గీత అపొస్తలుడైన పౌలు గీసింది కాదు.

మొదటి కొరింథీయులకు 12వ అధ్యాయం 28వ వచనం తీయండి. అపొస్తలులు, ప్రవక్తలు, బోధకులు, అద్భుతములు చేయువారు, స్వస్థపరచు కృపావరములు గలవారు. ఆ వెంటనే, “కొందరిని ఉపకారములు చేయువారినిగాను, కొందరిని ప్రభుత్వములు చేయువారినిగాను”. ప్రభుత్వములు అంటే ఇక్కడ సంఘం పనులు నడిపించడం. నానా భాషలు, అంటే నేర్చుకోని భాషలు ఆత్మ ప్రేరణతో, మాటలాడేవారు ఆ తర్వాతే వస్తారు. అందరినీ నియమించినవాడు ఒక్కడే, దేవుడు. ప్రసంగం చెప్పేటప్పుడు మనం ఈ వచనాన్ని గబగబా చదివేసి భాషల దగ్గర ఆగి గంటసేపు వాదించుకుంటాం.

కొరింథు సంఘానికి ఈ మాట ఎందుకు రాయాల్సి వచ్చిందో ఒక్క అధ్యాయం వెనక్కి వెళ్తే అర్థమవుతుంది. ప్రభురాత్రి భోజనానికి కూడినప్పుడు ఒకడు ఆకలితో ఉంటే మరొకడు మత్తుడై ఉన్నాడట. ఉన్నవాడి పళ్లెం ముందే నిండిపోయేది. బల్ల దగ్గర ఎక్కువ తక్కువలు చూసుకున్నవాళ్లు వరాల దగ్గర చూసుకోకుండా ఉంటారా? అందుకే పౌలు వరం ఎవరికి వచ్చిందన్నది వదిలి, ఎవరికోసం వచ్చిందన్నది పట్టుకున్నాడు: “అందరి ప్రయోజనము కొరకు”.

ఒంగోలు ప్రాంతపు బాప్తిస్టు సంఘాల చరిత్ర చెప్పుకునేటప్పుడు మనవాళ్ల నోట మొదట వచ్చేది 2,222. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే బాప్తిస్మం పొందినవారి సంఖ్య అది. ఆ రోజుకు ముందు జరిగినదే నన్ను ఎక్కువగా ఆకట్టుకుంటుంది. 1876లో మొదలైన కరువు, పెద్దలు ధాత కరువు అని చెప్పుకునేది, ఊళ్లకు ఊళ్లను ఊడ్చేస్తోంది. మిషనరీ జాన్ క్లౌ అమెరికాలో యువకుడిగా భూమి సర్వే పని నేర్చుకున్న మనిషి. ఆయన బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగాన్ని కాంట్రాక్టు తీసుకున్నారు, ఆకలితో ఉన్నవాళ్లకు కూలి దొరకాలని. సంఘంలోని తెలుగు బోధకులు ఆ తవ్వకం దగ్గర మేస్త్రీలయ్యారు. పగలు కొలతలు చూశారు, కూలి లెక్కలు చూశారు, పని ఆగిన వేళ కూలీలతో కూర్చుని సువార్త చెప్పారు.

ఇందులో ఏది ఆత్మవరం, ఏది మామూలు పని? సర్వే గొలుసు పట్టడం తెలిసిన చెయ్యి, నలుగురిచేత పని చేయించగల నేర్పు, కూలివాడి గోడు వినే ఓపిక, వాక్యం చెప్పగల నోరు, అన్నీ ఒకే కాలువ గట్టు మీద పనిచేశాయి. రోమీయులకు రాసిన పత్రిక 12వ అధ్యాయంలో “పైవిచారణ చేయువాడు జాగ్రత్తతోను, కరుణించువాడు సంతోషముతోను” అని చదివినప్పుడల్లా నాకు ఆ మేస్త్రీలే గుర్తొస్తారు.

ఇంకో సంగతి. కరువు సాయం నడిచినన్నాళ్లు క్లౌ బాప్తిస్మాలు ఆపేశారు. తిండి కోసం వచ్చారన్న మాట రాకూడదని, వచ్చినవాళ్ల విశ్వాసం నిలకడగా ఉందో లేదో తెలియాలని. చివరికి బాప్తిస్మాలు ఇచ్చిన రోజున కూడా ఆయన నీళ్లలో దిగలేదు. ఆరుగురు తెలుగు బోధకులు, ఒకసారికి ఇద్దరు చొప్పున వంతులు మార్చుకుంటూ ఇచ్చారు. సంఖ్య తన పేరున రాసుకునే అవకాశం చేతిలో ఉన్నప్పుడు పక్కకు తప్పుకోవడం కూడా వరమే అనిపిస్తుంది నాకు. ఏ పట్టికలోనూ కనబడదు గానీ.

అంతకుముందే పునాది వేసినవాళ్లున్నారు. తాళ్లకొండపాడు మనిషి, తోళ్ల పని చేసుకునే ఎర్రగుంట్ల పేరయ్య 1866లో బాప్తిస్మం పొంది తనవాళ్లున్న పల్లెపల్లెకూ నడిచి చెప్పారు. వేదిక లేదు, మైకు లేదు. తెలిసిన గడపలున్నాయి, నడిచే కాళ్లున్నాయి.

ఇదంతా చెప్పి ప్రవచనాన్నీ భాషలనూ చులకన చేస్తున్నానని అనుకోవద్దు. పౌలే “ప్రవచనములను నిర్లక్ష్యము చేయకుడి” అన్నాడు. అదే పౌలు మొదటి కొరింథీయులకు 14వ అధ్యాయంలో పద్ధతి కూడా పెట్టాడు. భాషతో మాట్లాడేవారు ఇద్దరు, మహా అయితే ముగ్గురు, వంతుల చొప్పున. అర్థం చెప్పేవాడు లేకపోతే సంఘంలో మౌనం. ప్రవక్తలు ఇద్దరు ముగ్గురు మాట్లాడొచ్చు, “తక్కినవారు వివేచింపవలెను”. ఈ చివరి మాట మన దగ్గర దాదాపు మూలపడింది. “ఈ ఏడాదిలో నీకు వీసా వస్తుందని ప్రభువు చెబుతున్నాడు” అని ఎవరైనా పలికితే ఆమెన్ అనడమే తప్ప, రాకపోయినప్పుడు వెళ్లి అడిగే పెద్దలు ఎంతమంది? అడిగితే ఆత్మను ఆర్పుతున్నావంటారు. కానీ వివేచించమన్నది ప్రవక్తకు పడనివాడు కాదు, అపొస్తలుడు. వినేవాళ్లు తమ పని మానేస్తే పలికేవాడి వరం కూడా పాడవుతుంది. ఆ నష్టంలో అతనికంటే సంఘం వాటా ఎక్కువని నా అభిప్రాయం.

యువజన కూడికల్లో తరచూ వినబడే ప్రశ్న, “నా వరం ఏదో ఎలా తెలుసుకోవాలి?”. ఇప్పుడు ప్రశ్నపత్రాలు కూడా వచ్చాయి, టిక్కులు పెడితే మార్కులు వేసి చెబుతాయి. అవి కొంతవరకు పనికొస్తాయేమో. అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయంలో మాత్రం ఎవరూ తన వరం వెతుక్కుంటూ రాలేదు. గ్రీకు భాష మాట్లాడే విధవరాళ్లకు అనుదిన పరిచర్యలో సరిగా అందడం లేదని సణుగు పుట్టింది. మంచిపేరు పొంది ఆత్మతోనూ జ్ఞానంతోనూ నిండుకున్న ఏడుగురిని ఏర్పరచుకోమని అపొస్తలులు సంఘానికే చెప్పారు. ఎంపిక చేసింది తెలిసినవాళ్లు, పని అన్నం బల్ల దగ్గర. ఆ ఏడుగురిలో ఫిలిప్పు తర్వాత సమరయకు వెళ్లాడు, గాజాకు పోయే అరణ్యమార్గంలో ఐతియొపీయుడి రథం ఎక్కి యెషయా గ్రంథం విప్పి చెప్పాడు. చాలా ఏళ్లకు పౌలు కైసరయలో అతని ఇంట్లో దిగినప్పుడు, ఆ గ్రంథం రాసిన లూకా ఫిలిప్పును సువార్తికుడని రాస్తూనే “ఏడుగురిలో ఒకడు” అని కూడా రాశాడు.