కుండలో ఇన్సులిన్

హుద్‌హుద్ తుఫాను పేరెత్తితే వైజాగ్‌లో ఎవరైనా గాలి గురించే చెబుతారు, మా ఇంట్లో మాత్రం ఫ్రిజ్ గురించి. 2014 అక్టోబర్ 12, ఆదివారం. కరెంటు పోయింది, మర్నాడు రాలేదు, ఆ మర్నాడూ రాలేదు, నాన్న ఇన్సులిన్ ఏమో ఫ్రిజ్‌లో ఉంది. ఫోన్లు లేవు, రోడ్డుకి అడ్డంగా చెట్లు. ఎదురింటి సిస్టర్‌గారు, రిటైరైన స్టాఫ్ నర్సు, మట్టికుండ చుట్టూ తడిగుడ్డ చుట్టి ఇన్సులిన్ సీసాల డబ్బా అందులో పెట్టించారు. "గుడ్డ ఆరనివ్వకండమ్మా. ఐసు దొరికినా దాని మీద పెట్టొద్దు, గడ్డకడితే ఇక పారెయ్యడమే" అన్నారు.

ఇంత చిన్న సంగతి నాన్నకి అంతకుముందు ఏ డాక్టరూ చెప్పలేదు, ఆ తర్వాతా చెప్పలేదు.

2020 మే 7న వైజాగ్‌లోనే ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్.జి. పాలిమర్స్ ఫ్యాక్టరీ ట్యాంకు నుంచి స్టైరీన్ అనే విషవాయువు లీకైనప్పుడు తెల్లవారుజామున మూడు గంటలు, జనం నిద్రలోంచి లేచి పరిగెడుతూ రోడ్ల మీదే పడిపోయారు, 12 మంది పోయారు. సైరన్ మోగలేదని విచారణ కమిటీయే తేల్చింది. పీల్చింది ఏ గ్యాసో తెలియక డాక్టర్లు తికమకపడటం 1984లో భోపాల్‌లోనే చూశాం కదా, మరి ఫ్యాక్టరీ పక్కనున్న ఆసుపత్రి గోడ మీద ఆ ట్యాంకుల్లో ఏముందో, కళ్లు మండితే ముందు ఏం చేయాలో ఒక కాగితం అంటించడానికి ఎంత ఖర్చవుతుంది?

ఏమీ నేర్చుకోలేదని అనను. 2021లో కోవిడ్ రెండో వేవ్‌లో మన స్టీల్‌ప్లాంట్ ఆక్సిజన్ రైలెక్కి మహారాష్ట్ర దాకా వెళ్లింది, ఆ తర్వాత చాలా ఆసుపత్రుల్లో సొంత ఆక్సిజన్ ప్లాంట్లు పెట్టారు. మంచిదే. కాకపోతే మిషన్ కొంటే రిబ్బన్ కటింగ్ ఉంటుంది, ఫోటో పడుతుంది. నైట్ డ్యూటీ కుర్రాడికి సిలిండర్ మార్చడం నేర్పితే ఎవరు ఫోటో తీస్తారు? 2022 డిసెంబర్ 27న దేశమంతా ఆసుపత్రుల్లో కోవిడ్ మాక్ డ్రిల్ చేశారు, తేదీ ముందే చెప్పి. తుఫాను ఆదివారం వచ్చింది, గ్యాసు అర్ధరాత్రి దాటాక వచ్చింది, కాబట్టి ఒక్కసారైనా చెప్పకుండా రాత్రి మూడింటికి చేసి చూడాలి.

సిస్టర్‌గారు ఇప్పుడు హైదరాబాద్‌లో కూతురి దగ్గర ఉంటున్నారు. మొన్న ఫోన్ చేసి, సర్వీసులో ఉండగా చూసిన తుఫాన్ల గురించి చెప్పమన్నాను. నోట్‌బుక్‌లో నాలుగు పేజీలు అయింది. మొదటి పేజీ మొత్తం జనరేటర్ గది తాళం గురించే: అది జేబులో ఉన్న మనిషి ఆ రాత్రి సెలవులో ఉన్నాడట.