ముందు వేడి, తర్వాత నీళ్లు, ఆ తర్వాతే తిండి

పిల్లికూన నీరసంగ పడుకుందంటే మా హన్మకొండల ఎవరింట్లనైనా ఫస్ట్ వచ్చేది పాలగిన్నె. అవి గూడ బర్రె పాలు, చిక్కగ. పిల్లి అంటే పాలే అని చిన్నప్పటి సంది విన్నం గదా. కానీ జబ్బు చేసిన కూనకు పాలు మూడో నంబర్ల వస్తయ్, అవి గూడ బర్రెవి కాదు. ముందు ఒళ్లు వెచ్చబడాలె, తర్వాత ఒంట్ల నీళ్లు నిండాలె, ఆ తర్వాతే కడుపు సంగతి. వీధి పిల్లుల్ని సాకుతున్న ఇన్నేండ్లల్ల నాకు గట్టిగ అర్థమైంది ఈ వరుసే.

వేడి పెట్టాలె అంటే మే నెలల అందరు నవ్వుతరు, బయట 44 డిగ్రీల ఎండ కొడ్తుంటే మల్ల వేడి ఏందని. మూడు వారాల లోపు కూనకు తన ఒంటి వేడి తానే నిలుపుకునే శక్తి సరిగ్గ ఉండది, పాపం ఉక్కపోస్తుందని దాన్ని కూలర్ ముంగట పెడ్తరు, ఇగ అది చల్లబడి కదలకుంట అయితది. నోట్లె వేలు పెట్టి చూస్తే లోపల చల్లగ తగిలిందంటే డేంజర్. చల్లబడ్డ కూనకు పేగులు సరిగ్గ కదలవు, అప్పుడు పోసిన పాలు అరగవు. నేనైతే బాటిల్ల వేడినీళ్లు పోసి టవల్ చుట్టి అట్టపెట్టెల ఒక మూలకే పెడ్తా, వేడి ఎక్కువైతే అది పక్కకు జరగాలె గదా. రేకుల ఇండ్లల్ల మాత్రం ఉల్టా, మధ్యాహ్నం బాటిల్ తీసేసి నీడ పట్టున పెట్టాలె. మెడ వేలాడేసిందంటే చక్కెర నీళ్లు రెండు చుక్కలు చిగుళ్లకు రాసి దవాఖానకు ఉరకాలె, గొంతుల పొయ్యొద్దు.

ఇగ నీళ్లు. మెడ వెనక చర్మం పైకి లాగి వదిలితే టక్కున దిగాలె, దిగలేదంటే ఒంట్ల నీళ్లు తగ్గినట్టు. వాంతులు అయితున్న పిల్లికి నోట్లె నీళ్లు పోస్తే మల్ల కక్కుడే, అందుకే డాక్టర్లు చర్మం కింద ఆర్‌ఎల్, అంటే రింగర్ లాక్టేట్ అనే సెలైన్, ఎక్కిస్తరు. కిడ్నీలు పాడైన ముసలి పిల్లులకు ఇది ఇంట్లనే నెలల తరబడి చేసేటోళ్లు ఉన్నరు. డాక్టర్ దగ్గర చూసి నేర్చుకోవాలె, ఎంత ఎక్కియ్యాలె అన్నది గూడ ఆయనే చెప్పాలె, ఎందుకంటే గుండె వీక్ ఉన్న పిల్లికి ఎక్కువైతే ఊపిరాడది. ఆ సెలైన్ బాటిల్‌ను వేడినీళ్లల్ల పెట్టి గోరువెచ్చగ చేసి కిటికీ గ్రిల్లుకు కడ్తా. పిల్లిని ఒళ్లె కూసోబెట్టుకొని రెండు భుజాల నడుమ చర్మం పైకెత్తితే కింద చిన్న గుంట పడ్తది, సూది అండ్లకు పోవాలె. వెంట్రుకలు తడిగ తగిలినయ్ అంటే సూది అవతలికి పొడుచుకొని వచ్చింది అన్నట్టు. సరిగ్గ పడితే వీపు మీద ఒంటె మూపురం లెక్క ఉబ్బుతది, కాసేపటికి ఆ ఉబ్బు ఒక కాలు దిక్కు జారుతది, మా అమ్మ మొదటిసారి చూసి "అయ్యో, దానికేం జేసినవే" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏం కాదు, కొన్ని గంటలల్ల ఒళ్లే గుంజుకుంటది.

తిండి విషయంల ఒకటే పట్టుదల నాది, పిల్లిని ఎల్లెలకల పండవెట్టి సిరంజీ పెట్టొద్దు. చంటిపిల్లల్ని పట్టినట్టు పడ్తరు గానీ కూన బొర్లనే ఉండాలె, దవడ పక్క నుంచి చుక్క చుక్క వెయ్యాలె, మింగినంక ఇంకో చుక్క. తొందరపడితే ఊపిరితిత్తులల్లకు పోయి నిమోనియా అయితది. పెట్ షాపుల కూనల పాలపొడి దొరుకుతది, అదే కలపాలె. పెద్ద పిల్లి జలుబు చేసి తింటలేదంటే చాలాసార్లు దానికి వాసన తెలుస్తలేదని, ముక్కు తుడిచి, చికెన్ ఉడకబెట్టి గోరువెచ్చగ పెడితే మూతి ముందుకు పెడ్తది. ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ తగలొద్దు, రక్తం పాడైతది. బొద్దుగున్న పిల్లి రెండు మూడు రోజులు ఏం తినకుంటే లివర్‌కు కొవ్వు పడ్తది, "ఆకలైతే అదే తింటది తియ్" అనేటోళ్ల మాట వినొద్దు.

మందులల్ల అయితే మనిషి గోలీ ముట్టుకోవద్దు. ఒళ్లు కాలుతుంది గదా అని డోలోల సగం విరిచి ఏసేటోళ్లు ఉన్నరు, పారాసిటమాల్ పిల్లికి విషం, దాన్ని విరగ్గొట్టే పని మన లివర్ చేసినట్టు పిల్లి లివర్ చెయ్యలేదు, ఒక్క గోలీకే ప్రాణం పోవచ్చు. ఫినాయిల్ గూడ అదే కథ, నేల తుడుస్తరు, అది పాదాలు నాక్కుంటది.

మగపిల్లి ఇసుక డబ్బల మల్లమల్ల కూసొని మూత్రం చుక్క రాకుండ అరుస్తుంటే, నోరు తెరిచి కుక్క లెక్క రొప్పుతుంటే, చిగుళ్లు తెల్లగ పాలిపోతే ఇంట్ల చేసేది ఏం లేదు, అర్ధరాత్రి అయినా డాక్టర్‌ను లేపాలె. పశువుల దవాఖానల బర్రెలు, మేకల నడుమ పిల్లిబుట్ట పట్టుకొని నిలబడితే నవ్వుతరు, నవ్వనీ. మామునూరుల వెటర్నరీ కాలేజీ ఉంది, అటు దగ్గరున్నోళ్లు అడ్రస్ ముందే చూసి పెట్టుకోండ్రి.

కొంచెం మంచి మాట గూడ చెప్పాలె. ఎఫ్‌ఐపీ అంటే, పిల్లులకు పొట్టల నీళ్లు చేరే ఒక వైరస్ జబ్బు, ఒకప్పుడు ఇగ ఆశ లేదని చేతులెత్తేసేటోళ్లు. 2019ల అమెరికాల కాలిఫోర్నియా యూనివర్సిటీ డేవిస్‌ల పెడర్సన్ అనే పశువుల డాక్టర్ టీమ్ జీఎస్-441524 అనే మందుతోని పిల్లులు బతుకుతున్నయని చూపించింది. కరోనప్పుడు రెమ్‌డెసివిర్ కోసం లైన్లు కట్టినం గదా, దాని చుట్టమే ఇది. 84 రోజుల కోర్సు, రోజూ ఒకే టైంకు, ఖర్చు మస్తయితది, కానీ ఇంట్లనే నడుస్తది.

పార్వో అని పిల్లులకు అంటుకునే ఇంకో వైరస్ జబ్బుకు గట్ల నేరుగ మందు లేదు. తెల్లకణాలు పడిపోతయ్, కక్కుడు, నెత్తురు మోషన్లు, సెలైన్, వాంతుల సూది, యాంటీబయాటిక్‌ తోని నెట్టుకొస్తరు, మొదటి నాలుగైదు రోజులు దాటితే ఆశ పెరుగుతది. ఆ వైరస్ ఇంట్ల ఏడాది దాంక బతుకుతది, అందుకే ఒక కూన పోయిన ఇంటికి వారం తిరగకముందే ఇంకోటి తెచ్చుడు మంచిది కాదు. మా పక్కింటి పిల్లలు "అక్కా, ఇంకోటి దొరికింది తేవాల్నా" అంటే వద్దన్న. ముందు పాత గుడ్డలు, అట్టపెట్టెలు కాలవెట్టి, నేల సబ్బుతో కడిగి, లీటరు నీళ్లకు 30 ఎంఎల్ బ్లీచ్ కలిపి పది నిమిషాలు తడిగ ఉంచాలె, పిల్లుల్ని వేరే గదిల పెట్టి. కొత్త కూనకు ఆరు నుంచి ఎనిమిది వారాల వయసుల పార్వోను గూడ ఆపే ట్రైక్యాట్ టీకా సూది మొదలుపెట్టి, 16 వారాలు వచ్చేదాంక మూడు నాలుగు వారాలకొకటి ఇప్పియ్యాలె. అవన్నీ అయినంకనే మా ఇంట్లకు.