చలి పొద్దున చోక్ లాగాక

డిసెంబరు, ఆదివారం. ఉదయం ఆరున్నరకు హైదరాబాద్‌లో 13 డిగ్రీలు. బానెట్ మీద మంచు నీళ్లు బొట్లుబొట్లుగా నిలిచి ఉన్నాయి. కింద ఉన్నది కార్బురేటర్ (గాలిలో పెట్రోలు కలిపి ఇంజన్‌కు పంపే భాగం) కాలపు మారుతి 800 ఇంజన్: 796 సీసీ, మూడు సిలిండర్లు. నాలుగు రోజులుగా కదల్లేదు.

తాళం తిప్పే ముందే చేయాల్సిన పని డిప్‌స్టిక్ చూడటం. రాత్రంతా నిలబడ్డ బండిలో ఆయిల్ మొత్తం కిందికి దిగి ఉంటుంది, లెవెల్ సరిగ్గా కనిపించేది అప్పుడే. పుల్ల తీసి, తుడిచి, మళ్లీ పెట్టి తీయాలి. రెండు గుర్తుల మధ్య ఉంటే చాలు. పైగుర్తు దాటి, వాసన చూస్తే పెట్రోలు కొడుతుంటే మాత్రం అది ఆయిల్ పెరగడం కాదు, ఆయిల్‌లో పెట్రోలు కలవడం. ఫ్యూయల్ పంపులోని పలచటి పొర (డయాఫ్రమ్) చిరిగినా, చోక్‌తో (గాలి తగ్గించి పెట్రోలు ఎక్కువ పోయించే నాబ్ లాగి ఉంచి) ఎక్కువసేపు నడిపినా అలా అవుతుంది. దాని సంగతి తేల్చాకే స్టార్ట్ చేయాలి.

బండి సెల్లార్‌లో ఉంటే ముందు గేటు వైపు తోసుకురావడం మంచిది. చోక్ మీద ఉన్న ఇంజన్ వదిలే పొగలో కార్బన్ మోనాక్సైడ్ మామూలుకన్నా ఎక్కువ. దానికి రంగూ వాసనా ఉండవు. మూసిన షెడ్డులో, పక్కన పిల్లలు నిలబడి చూస్తుండగా ఇంజన్ వేడి చేయడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే.

గేరు న్యూట్రల్, హ్యాండ్‌బ్రేక్ పైకి, లైట్లు, బ్లోయర్ ఆఫ్. క్లచ్ పూర్తిగా తొక్కాలి. గేర్‌బాక్స్‌లోని చిక్కటి ఆయిల్‌ను తిప్పే భారం స్టార్టర్ మీద తగ్గుతుంది, పాత బ్యాటరీకి ఆ కాస్త సాయం చాలా పెద్దది. బ్యాటరీ నిండుగా ఉంటే మీటరులో 12.6 వోల్టులు చూపిస్తుంది, 12.2కు పడిందంటే సగమే ఉన్నట్టు.

చోక్ చివరి వరకు లాగాలి. సగం లాగి సెల్ఫ్ కొట్టడం చాలామంది చేసే పొరపాటు. చల్లని పెట్రోలు సరిగ్గా ఆవిరి కాదు, సిలిండర్లకు పోయే గొట్టం (మానిఫోల్డ్) గోడలకు తడిగా అంటుకుపోతుంది. సిలిండర్‌లోకి వెళ్లే ఆవిరి మాత్రం అంటుకునేంత ఉండాలి కదా, అందుకే గాలి దారి మూసి పెట్రోలు ఎక్కువ పోయించాలి. చోక్ రేకు చేసేది అదే. తీగ లాగినప్పుడు యాక్సిలరేటర్ తెరిచే రేకును (థ్రాటిల్) కూడా కాస్త తెరిచే ఏర్పాటు ఉంటుంది కాబట్టి యాక్సిలరేటర్ ముట్టుకోనక్కర్లేదు.

మొదటి సెల్ఫ్‌కు ఇంజన్ పలక్కపోతే కంగారు పడొద్దు. నాలుగు రోజుల్లో కార్బురేటర్‌లో పెట్రోలు నిలిచే ఫ్లోట్ గిన్నెలోది ఆవిరైపోయి ఉంటుంది. పంపు ఇంజన్‌లోని క్యామ్‌షాఫ్ట్ తిప్పితేనే పనిచేసే మెకానికల్ పంపు, కాబట్టి మొదటి ఐదు సెకన్లు గిన్నె నింపడానికే సరి. ఆపి, అరనిమిషం ఆగి, మళ్లీ ఐదు సెకన్లు. ఆగకుండా కొడుతూపోతే స్టార్టర్ వేడెక్కుతుంది, బ్యాటరీ దిగిపోతుంది. ఈలోగా ఘాటుగా పెట్రోలు వాసన వస్తే ప్లగ్గులు తడిసిపోయినట్టు. అప్పుడు చోక్ లోపలికి నెట్టి, యాక్సిలరేటర్ నేలకంటా తొక్కి అలాగే పట్టుకుని సెల్ఫ్ కొట్టాలి. పెడల్‌ను పంపు కొట్టినట్టు కొడితే ఇంకా పెట్రోలు పోస్తున్నట్టే.

ఇవాళ రెండో సెల్ఫ్‌కు అందుకుంది. ఆయిల్ లైటు రెండు సెకన్లలో ఆరింది. ఐదు సెకన్లు దాటినా వెలుగుతూనే ఉంటే ఇంజన్ ఆపేయాలి. మన చలికి 20డబ్ల్యూ-40 ఆయిల్ చక్కగా పైకెక్కుతుంది, పలచటి ఖరీదైన ఆయిల్ కోసం పాకులాడక్కర్లేదు. మొదట్లో వినిపించే టకటక చప్పుడులో కొంత వాల్వులను కదిపే టాపెట్లది, కొంత పిస్టన్లది. చల్లగా ఉన్నప్పుడు అల్యూమినియం పిస్టన్‌కీ సిలిండర్‌కీ మధ్య సందు ఎక్కువ. వేడెక్కి పిస్టన్ వ్యాకోచిస్తే చప్పుడు సర్దుకుంటుంది. రేజ్ చేసి ఆ చప్పుడు పోగొట్టాలని చూడటం ఇంజన్‌ను గీకడమే.

పది పదిహేను సెకన్లకు చోక్ మూడో వంతు లోపలికి. ఇంకో అరనిమిషానికి సగం. అంతే, బండి కదలొచ్చు. పది నిమిషాలు నిలబెట్టి వేడి చేయడం పాత అలవాటు, మేలుకన్నా కీడు ఎక్కువ. ఐడ్లింగ్‌లో పుట్టే వేడి తక్కువ, కాబట్టి ఇంజన్ చల్లగా ఉండే సమయం పెరుగుతుంది. ఆ సమయమంతా కాలని పెట్రోలు సిలిండర్ గోడల మీది ఆయిల్ పొరను కడిగేస్తూ కిందికి జారుతుంది. రింగులు అరిగేది అక్కడే. పైగా నిలబెడితే గేర్‌బాక్స్, వీల్ బేరింగులు వేడెక్కవు, అవి వేడెక్కాలంటే చక్రం తిరగాలి.

మొదటి మూడు నాలుగు కిలోమీటర్లు 40 దాటకుండా, గేర్లు త్వరగా మారుస్తూ, ఏసీ లేకుండా. ఒకటిన్నర కిలోమీటరు లోపే చోక్ పూర్తిగా లోపలికి పోవాలి. నెట్టగానే బండి జెర్కులు కొడితే కొంచెం వెనక్కి లాగి, ఇంకో రెండు వందల మీటర్లు ఆగాలి. టెంపరేచర్ మీటరు సూది మధ్యకు వచ్చిందంటే వేడెక్కింది నీళ్లు మాత్రమే. ఆయిల్ పూర్తిగా వేడెక్కడానికి ఇంచుమించు అంత దూరం ఇంకా పోవాలి. ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) ఎక్కి వేగం పెంచేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి.

ఆరు కిలోమీటర్లు పోయినా సూది కదలకపోతే బానెట్ తెరిచి థర్మోస్టాట్ (ఇంజన్ వేడెక్కేదాకా నీళ్లను రేడియేటర్‌లోకి పోనివ్వని కవాటం) ఉందా లేదా చూడాలి. మన మెకానిక్ షెడ్లలో ఎండాకాలం బండి హీటెక్కుతోందంటే చాలు, మొదట పీకి పారేసేది దాన్నే. నిజానికి హీటెక్కడానికి కారణం పూడుకుపోయిన రేడియేటరో, తిరగని ఫ్యానో, అరిగిన వాటర్ పంపో అయి ఉంటుంది. థర్మోస్టాట్ లేకపోతే నీళ్లు మొదటి క్షణం నుంచే రేడియేటర్‌లోకి పోయి చల్లబడతాయి. చలికాలంలో ఇంజన్ ఎంత నడిచినా గోరువెచ్చగానే ఉంటుంది, చోక్ లేకపోతే ఆగిపోతుంది, మైలేజీ పడిపోతుంది. ఆ చిన్న ఇత్తడి ముక్క మీదే డిగ్రీలు ముద్రించి ఉంటాయి, 82 అనో 88 అనో. పనిచేస్తోందో లేదో తేల్చుకోవడానికి గిన్నెలో నీళ్లు కాచి, దారంతో వేలాడదీసి, థర్మామీటరు పెట్టి చూడటమే. ఆ వేడికి తెరుచుకోవాలి, చల్లారితే మూసుకోవాలి. బాగోలేకపోతే కొత్తది వేయాలి, ఖాళీగా వదలకూడదు. ఈ ఒక్క విషయంలో మెకానిక్ మాట వినొద్దు.

సైలెన్సర్ నుంచి తెల్ల ఆవిరి, నీటి చుక్కలు వచ్చాయి, మూడో కిలోమీటరుకు ఆగాయి. లీటరు పెట్రోలు కాలితే దాదాపు లీటరు నీళ్లే పుడతాయి, చల్లని గొట్టంలో అవి చెమ్మగా దిగుతాయి. వేడెక్కాక కూడా తెల్లపొగ ఆగకుండా, రేడియేటర్‌లో నీళ్లు తగ్గుతుంటే హెడ్ గాస్కెట్ (ఇంజన్ పైభాగానికీ సిలిండర్లకీ మధ్య ఉండే సీలు) పోయిందని అనుమానించాలి. స్టార్ట్ చేయగానే ఒక్కసారి నీలంపొగ వచ్చి పోతే వాల్వ్ సీళ్లు అరిగినట్టు. నల్లపొగ అయితే చోక్ రేకు పూర్తిగా తెరుచుకోవడం లేదేమో, ఎయిర్ ఫిల్టర్ మూత విప్పి, నాబ్ లోపలికి నెట్టి రేకు నిలువుగా నిలబడుతోందా చూడాలి. తీగ క్లాంపు జారడం మామూలే.

20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు వచ్చాక పొద్దుటి స్టార్ట్ కాస్త మొండికేస్తుంది. ఇథనాల్ ఆవిరి కావడానికి పెట్రోలు కన్నా రెండు రెట్లకు పైగా వేడి లాగుతుంది. కార్బురేటర్‌కు ఆ మార్పు తెలియదు, మిశ్రమం పలచనవుతుంది, అంటే గాలికి తగినంత పెట్రోలు ఉండదు. ఐడిల్ మిక్స్చర్ స్క్రూ పావు చుట్టు వదిలితే ఐడ్లింగ్ నిలుస్తుంది. పాత రబ్బరు గొట్టాలు మెత్తబడి చెమర్చుతున్నాయేమో వేలితో నొక్కి చూడాలి, అనుమానం ఉంటే ఇథనాల్ తట్టుకునే గొట్టం వేయించాలి.

డీజిల్ అంబాసిడర్ అయితే లెక్క వేరు, చోక్ ఉండదు. సిలిండర్‌ను వేడి చేసే హీటర్ ప్లగ్గులకు పదిహేను ఇరవై సెకన్లు ఇచ్చి సెల్ఫ్ కొట్టాలి.

సాయంత్రం ఇంజన్ చల్లారాక ఆయిల్ పోసే మూత తిప్పి చూస్తే లోపల పాలమీగడ లాంటి పలచటి పూత. ఇన్నాళ్లూ రైతుబజారు వరకు పోయి వచ్చే చిన్న ప్రయాణాల ఫలితం: ఆయిల్‌లో చేరిన చెమ్మ ఆవిరయ్యేంత వేడి రాలేదు. రేడియేటర్ రిజర్వ్ డబ్బాలో నీళ్లు తగ్గలేదు కాబట్టి గాస్కెట్ భయం లేదు. గుడ్డతో తుడిచి, బుధవారానికి శంషాబాద్ దాకా ముప్పై కిలోమీటర్ల ప్రయాణం రాసి పెట్టడమైంది.