పెరటి షెడ్డులో సీఎన్‌సీ లేత్: స్పిండిల్ తేలింది, ఇక బెడ్డు

ఇంట్లో కట్టుకుంటున్న సీఎన్‌సీ లేత్‌కి, అంటే కంప్యూటర్ నడిపే లేత్‌కి, డ్రాయింగు ఒక కొలిక్కి వచ్చింది. జాబ్‌ని, అంటే కోసే ముక్కని, పట్టుకునే చక్ 100 ఎంఎం. ఆ చక్‌ని తిప్పే స్పిండిల్ రంధ్రంలో 25 ఎంఎం రాడ్డు దూరాలి. చక్ ముందు 250 ఎంఎం పొడవున పని జరగాలి. పలాస వైపు జీడిగింజల మెషిన్లలో అరిగిపోయే పిన్నులు, ఇత్తడి బుష్‌లు, పొలం మోటారు పంపుల స్లీవులు... శ్రీకాకుళం చుట్టుపక్కల లేత్ షాపులకు వచ్చే చిన్న పనులన్నీ దాదాపు ఈ కొలతల్లోనే సరిపోతాయి. అంతకన్నా పెద్దది నాకు అక్కర్లేదు.

సీఎన్‌సీ అనగానే చాలామంది ముందు స్టెప్పర్ మోటార్లు, డ్రైవర్లు, బోర్డు కొనేస్తారు. నేను స్పిండిల్ దగ్గర మొదలుపెట్టాను. మా వీధి చివర లేత్ నడిపే మేస్త్రిగారు కూడా అదే అన్నారు: "ముందు స్పిండిలేటో తేల్చుకో బాబూ, మిగతావన్నీ దాని ఎనకాలే వస్తాయి." అక్షరాలా అలాగే జరిగింది. స్పిండిల్ తేలాక మోటారు తేలింది, మోటారు తేలాక కరెంటు లైను, చివరికి కంట్రోలరు కూడా దానంతట అదే తేలిపోయింది.

షాఫ్టు ఈఎన్-24 అనే గట్టి అల్లాయ్ స్టీలు. రెండు వైపులా 30208 టేపర్ రోలర్ బేరింగులు, అంటే లోపలి వ్యాసం 40, బయటిది 80. రంధ్రం 26 ఎంఎం పెడితే గోడ 7 ఎంఎం మిగులుతుంది, అది చాలు. రోలర్ల లావు కొసలు బయటివైపు ఉండేలా బిగించి, వెనక నట్టుతో ప్రీలోడ్ ఇస్తాను, అంటే బేరింగుల్లో ఆట లేకుండా ముందే కొంచెం నొక్కి ఉంచుతాను. ఈ ప్రీలోడ్‌ని చల్లగా ఉన్నప్పుడు ఒకసారి చూసి వదిలేస్తే లాభం లేదు. అరగంట తిప్పి, హౌసింగ్ వేడెక్కాక డయల్ గేజి పెట్టి మళ్లీ చూసుకోవాలి. షాఫ్టు టర్నింగ్ మేస్త్రిగారి దగ్గర, బేరింగులు కూర్చునే చోట్ల గ్రైండింగ్ విశాఖలో. చక్‌ని స్పిండిల్‌కి బిగించే బ్యాక్‌ప్లేటుకి ఆఖరి కోత మాత్రం ఈ లేత్ మీదే, దీని స్పిండిల్‌లోనే వేస్తాను. అప్పుడే చక్ నిజంగా సెంటరుకి వస్తుంది.

ఇక మోటారు. కార్బైడ్ టూలుతో మైల్డ్ స్టీలుకి నిమిషానికి 120 మీటర్ల వేగం అనుకుంటే, 25 ఎంఎం రాడ్డుకి సుమారు 1530 ఆర్పీఎం, 100 ఎంఎం జాబ్‌కి 380 కావాలి. ఒక ఎంఎం లోతు, చుట్టుకి 0.15 ఫీడు తీసుకుంటే టూలు మీద పడే బలం 375 న్యూటన్ల దగ్గర ఉంటుంది. దాన్ని ఆ వేగంతో గుణిస్తే ముప్పావు కిలోవాట్. నష్టాలు కలుపుకుని 1.5 కిలోవాట్ల మోటారు, దానికి వీఎఫ్‌డీ, అంటే కరెంటు ఫ్రీక్వెన్సీ మార్చి మోటారు వేగం మార్చే డ్రైవు. వీఎఫ్‌డీతో వేగం తగ్గించినకొద్దీ పవరు కూడా తగ్గుతుంది కాబట్టి పుల్లీలు రెండు మెట్లు: ఒకటి సమానం, రెండోది 2.5 రెట్లు తగ్గించేది. రెండో మెట్టులో 33 హెర్ట్జ్ దగ్గరే 380 ఆర్పీఎం వచ్చేస్తుంది.

సింగిల్ ఫేజ్ ఇళ్లవాళ్లు ఒకటి చూసుకోవాలి. 230 వోల్టుల వీఎఫ్‌డీ బయటికిచ్చేది కూడా 230 వోల్టుల త్రీఫేజే. మన దగ్గర దొరికే చిన్న మోటార్లు ఎక్కువగా 415 వోల్టుల స్టార్ కనెక్షన్‌వి. వాటిని డెల్టాకి మార్చాలంటే టెర్మినల్ బాక్సులోకి ఆరు తీగలూ వచ్చి ఉండాలి. కొన్నిట్లో మూడే వస్తాయి, స్టార్ ముడి వైండింగు లోపలే వేసేస్తారు. అందుకే కొనేముందు మూత తీయించి చూశాను. నాకు దొరికిన పాత మోటారులో ఆరూ ఉన్నాయి. మీటరు దగ్గర్నుంచి దీనికి వేరే లైను, వేరే ఎంసీబీ, మంచి ఎర్తింగు పెడుతున్నాను.

కంట్రోలర్ని తేల్చింది మరలు కోసే పని. టూలు ప్రతి పాస్‌లోనూ జాబ్ చుట్టుకొలత మీద అదే బిందువు దగ్గర మొదలవ్వాలి, లేకపోతే మర చెడుతుంది. కాబట్టి స్పిండిల్ ఎంత తిరిగిందో చెబుతూ, చుట్టుకోసారి ఇండెక్స్ పల్స్ ఇచ్చే ఎన్‌కోడరు తప్పదు. దాన్ని మోటారు మీద కాదు, స్పిండిల్ మీదే పెట్టాలి, ఎందుకంటే మధ్యలో బెల్టు జారుతుంది. లినక్స్‌సీఎన్‌సీ అనే కంట్రోల్ సాఫ్ట్‌వేర్‌లో జి33, జి76 కమాండ్లు ఈ పని చేస్తాయి, జి96తో కోత వేగం కూడా స్థిరంగా ఉంచుకోవచ్చు. పాత కంప్యూటర్ పారలల్ పోర్టు సరిపోతుందా అని లెక్క వేశాను. చుట్టుకి 1024 పల్సుల ఎన్‌కోడరు, పల్సుకి నాలుగు మార్పుల చొప్పున, 1000 ఆర్పీఎం దగ్గర సెకనుకి 68 వేల మార్పులు పంపుతుంది. పోర్టుని 25 మైక్రోసెకన్లకోసారి చదివితే సెకనుకి 40 వేల సార్లే చదవగలం. సరిపోదు. అందుకని ఆ లెక్కింపునీ, స్టెప్పుల్నీ తనే చూసుకునే మెసా కార్డు తెప్పిస్తున్నాను.

టూలుని చక్ వైపు పొడవునా నడిపే జెడ్, జాబ్‌కి అడ్డంగా నడిపే ఎక్స్, రెండు యాక్సిస్‌లకీ నీమా 23 సైజు క్లోజ్డ్ లూప్ స్టెప్పర్లు, అంటే తప్పిన స్టెప్పుని తామే గమనించి సరిదిద్దుకునే మోటార్లు. జెడ్‌కి 1605 బాల్‌స్క్రూ (16 ఎంఎం లావు, చుట్టుకి 5 ఎంఎం కదలిక), ఎక్స్‌కి 1204. ఎక్స్‌లో ప్రతి తప్పూ వ్యాసంలో రెట్టింపై కనిపిస్తుంది కాబట్టి ప్రీలోడ్ ఉన్న నట్టుకి డబ్బు పెట్టేది అక్కడే.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం బెడ్డు, అంటే మిగతావన్నీ కూర్చునే అడుగు దిమ్మ. వెల్డింగ్ చేసిన ఉక్కు పెట్టె ఖాళీగా ఉంటే కోతలో గంటలా మోగుతుంది, జాబ్ మీద చారలు పడతాయి. దానిలో ఎపాక్సీ గ్రానైట్, అంటే ఎపాక్సీ జిగురుతో కలిపిన రాతి ముక్కలు, నింపితే ఆ అదురుని మింగేస్తుంది. దీనికి రాయి కోసం ఎక్కడికో పోనక్కర్లేదు, టెక్కలి నీలి గ్రానైట్ మన జిల్లాదే. క్వారీల దగ్గర చిప్స్, రాతి పొడి దొరుకుతాయి. పెద్ద చిప్స్ మధ్య సందుల్ని చిన్నవి, వాటి సందుల్ని పొడి నింపాలి. అలా కలిపితే ఎపాక్సీ బరువులో పది శాతం చాలు. నా పెట్టె 900 పొడవు, 250 వెడల్పు, 150 ఎత్తు, అంటే సుమారు 34 లీటర్లు. నింపితే 80 కిలోలు, అందులో ఎపాక్సీ 8 కిలోలు. వెల్డింగ్ అవగానే స్ట్రెస్ రిలీవింగ్ (వెల్డింగ్ వల్ల ఉక్కులో మిగిలిన బిగువు తీసేయడం), తర్వాత ఎపాక్సీ నింపడం, అది పూర్తిగా గట్టిపడ్డాకే, టూలు జారే గైడ్ రైళ్లు కూర్చునే పైతలానికి గ్రైండింగ్. ఈ వరస తప్పకూడదు.

చిప్స్ కడిగి ఎండబెట్టాలి. తడి ఉంటే ఎపాక్సీ పట్టదు. కాబట్టి ఈ పని వానలు వెనక్కి తగ్గాకే. మాకు సముద్రపు గాలి కూడా తోడు కాబట్టి రైళ్లకి, స్క్రూలకి అప్పటిదాకా గ్రీజు పూసి ప్లాస్టిక్ చుట్టి ఉంచుతున్నాను.

ఈలోగా ఎమర్జెన్సీ స్టాప్ వైరింగ్ గీస్తున్నాను. ఆ బటన్ కంప్యూటర్‌కి చెప్పి ఊరుకునేది కాకూడదు, వీఎఫ్‌డీ ఎనేబుల్ తీగని నేరుగా తెంచాలి. తిరిగే చక్ తొందరగా ఆగడానికి వీఎఫ్‌డీకి బ్రేక్ రెసిస్టరు చూస్తున్నాను, కానీ ఎనేబుల్ తెగితే వీఎఫ్‌డీ బ్రేకు వేయలేదు, చక్ తనంతట తానే తిరుగుతూ ఆగాలి. మామూలు స్టాపుకి బ్రేకు, ఎమర్జెన్సీకి కొద్ది క్షణాలు ఆలస్యంగా తెగే రిలే పెట్టాలా అన్నది ఈ వారం తేల్చుకోవాలి.