ఆమ్‌స్టర్‌డామ్‌లో అమ్మతో ఒక పగలు, టాయిలెట్ కష్టాలతో సహా

నిన్న తెల్లవారుజామున హైదరాబాద్‌లో దిగాం. నిద్ర సగమే తీరింది, కోపం అసలే తీరలేదు. అందుకే చల్లారకముందే రాసేస్తున్నా.

స్టుట్‌గార్ట్‌లో చెల్లెలి దగ్గర కొన్నాళ్లుండి, అమ్మా నేనూ ఆమ్‌స్టర్‌డామ్ మీదుగా తిరిగొస్తున్నాం. అక్కడ దిగేసరికి మన హైదరాబాద్ విమానం రద్దు. రాత్రి వేరే విమానంలో వేశారు. కౌంటర్‌లో అమ్మాయి ఎయిర్‌పోర్టు లోపలే చెల్లే భోజనం కూపన్లు చేతిలో పెట్టి, మా వెనకాయన్ని రమ్మని సైగ చేసింది. అంతే, పరామర్శ అయిపోయింది.

జర్మనీ నుంచి వచ్చాం కాబట్టి ఇమిగ్రేషన్ దాటలేదు, యూరప్‌లో చాలా దేశాలకి కలిపి చెల్లే షెంగెన్ వీసాకి గడువూ ఉంది. చేతిబ్యాగులు లాకర్లో పడేసి రైలెక్కితే పావుగంటలో సెంట్రల్ స్టేషన్. ఇక్కడ రైలుకీ ట్రామ్‌కీ టికెట్ కొనక్కర్లేదు, బ్యాంకు కార్డే ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ తాకిస్తే చాలు. కాకపోతే ఒక కార్డు మీద ఒక్కరే. అమ్మకి నా ఫోరెక్స్ కార్డిచ్చి, నేను క్రెడిట్ కార్డు వాడాను.

అనుకోకుండా వెళ్లేవాళ్లకి ఈ ఊళ్లో మ్యూజియాలు లేనట్టే అనుకోండి. నాజీలకి దొరక్కుండా దాక్కుని డైరీ రాసిన అమ్మాయి అన్నా ఫ్రాంక్ ఇంటికి టికెట్లు ఆన్‌లైన్‌లోనే, అదీ ప్రతి మంగళవారం ఆరు వారాల తర్వాతి రోజులకి విడుదల చేస్తారు. వాన్ గో మ్యూజియానికీ ముందే టైము బుక్ చేసుకోవాలి. సరే, వీధులు చూద్దాంలే అనుకున్నాం. అమ్మకి షుగర్ ఉందన్న సంగతి ఆ వీధులకేం తెలుసు?

డామ్ స్క్వేర్ దగ్గరికి వచ్చేసరికి అమ్మ "ఏమే, ఇక్కడ బాత్రూమ్ ఎక్కడుంటుందో చూడు" అంది. ఒక పెద్ద షాపు పై అంతస్తులో ఉందన్నారు. వెళ్తే మెట్రో గేటు లాంటి గేటు, పక్కన కార్డు మెషీన్. కార్డు పెట్టాను, పచ్చలైటు వెలిగింది. అమ్మ చీర కుచ్చిళ్లు పట్టుకుని, హ్యాండ్‌బ్యాగ్ సర్దుకుని అడుగేసేలోపే మూసుకుపోయింది. మళ్లీ కట్టాను. ఈసారి కంగారులో అమ్మ ముందు బ్యాగు తోసింది. బ్యాగు లోపల, అమ్మ బయట. మూడోసారి నా కార్డుకి ఎర్రలైటు. వెంటవెంటనే ఒకే మొత్తం పడేసరికి మోసం అనుకుందేమో బ్యాంకు, ఆపేసింది. ఫోరెక్స్ కార్డుకీ ఎర్రలైటే. యాభై యూరోల నోటు తీస్తే, అక్కడున్న మనిషి తల అడ్డంగా ఊపి 'కార్డు మాత్రమే' అన్న బోర్డు చూపించాడు. "ఆవిడ పెద్దావిడ, రెండుసార్లు డబ్బు కట్టాం" అంటే మెషీన్ వైపు వేలు చూపించాడు. అమ్మ బ్యాగు మాత్రం ఎంతో మర్యాదగా గేటు మీదుగా అందించాడు!

వెనక క్యూలో ఎవరో గట్టిగా నిట్టూర్చారు. అమ్మ నా చెయ్యి పట్టుకుని "వద్దులేవే, నాకు అంత అవసరమేం లేదు" అంది. అవసరం ఉందని ఇద్దరికీ తెలుసు. మా ఊళ్లో ఎవరింటి తలుపు తట్టినా "లోపలికి రండమ్మా" అనిపించుకునే మనిషి ఆవిడ.

బయటికొస్తే కాలువ గట్టున పచ్చరంగు వేసిన ఇనుప రేకుని చుట్టినట్టున్న మూత్రశాల. మగవాళ్లు పైసా ఇవ్వకుండా లోపలికెళ్లి పని కానిచ్చుకుని వస్తున్నారు. ఆడవాళ్లకి అలాంటిది కనబడలేదు. నేనేదో అతి చేస్తున్నానని అనుకోకండి. 2015లో ఇదే ఊళ్లో బయట మూత్రవిసర్జన చేసిందని ఒకమ్మాయికి జరిమానా వేశారు. 2017లో కేసు కోర్టుకెళ్తే, సౌకర్యంగా లేకపోయినా మగవాళ్ల దానిలోకే వెళ్లి ఉండొచ్చు కదా అన్నారు జడ్జిగారు. ఆయన్ని చీర కట్టుకుని ఒకసారి వెళ్లి రమ్మనాలి.

రోకిన్‌లో మెట్రో ఎక్కి డి పైప్‌లో దిగాం, ఆల్బర్ట్ కైప్ మార్కెట్ వైపు చిన్న హోటళ్లు ఎక్కువని. అక్కడ రోటీ బొమ్మ ఉన్న బోర్డు చూసి లోపలికి దూరాం. దక్షిణ అమెరికాలోని సురినామ్ దేశపు వంటల హోటల్ అది. గల్లాలో ఉన్నావిడ ముఖం అచ్చం మన ఉత్తరాదివాళ్ల ముఖమే. అమ్మ తన హైదరాబాదీ హిందీలో అడిగింది. ఆవిడ భోజ్‌పురి లాంటి యాసలో ఏదో అని, వంటింటి పక్క తలుపు తీసి పట్టుకుంది. డబ్బుల్లేవు, గేటు లేదు.

తర్వాత కూర్చోబెట్టి ఆవిడే చెప్పింది. 1873లో కలకత్తా నుంచి లల్లా రూఖ్ అనే ఓడలో కూలీలని డచ్చివాళ్ల సురినామ్‌కి తీసుకెళ్లడం మొదలైందట. 1975లో స్వాతంత్ర్యం వచ్చిన రోజుల్లో వాళ్ల నాన్న ఇటు వచ్చేశాడట. రోటీ విప్పి చూస్తే మడతల మధ్య పొడిపొడిగా పప్పు, బెల్లం మరిచిపోయిన బొబ్బట్టులా. పక్కన బంగాళాదుంప కూర, అలసంద కాయల వేపుడు. అమ్మ ఇంకో రోటీ అడిగి మరీ తింది.

ఇక ఊరు హాయిగా చూశాం. తిరిగి రోకిన్‌లో దిగినప్పుడు ఎస్కలేటర్ల మధ్య అద్దాల వెనక మెట్రో తవ్వకాల్లో దొరికిన వేల వస్తువులు: తాళంచెవులు, పొగాకు గొట్టాలు, నాణేలు. ఇళ్ల నెత్తిన ఆ కొక్కేలేమిటని అమ్మ అడిగింది. లోపల మెట్లు ఇరుకు కదా, సామానంతా తాడు కట్టి కిటికీలోంచి ఎక్కిస్తారు. స్టేషన్ వెనక ఫెర్రీ ఉచితం, దాన్ని మాత్రం వదలకండి.

మరో మాట. యూరోపియన్ యూనియన్ దేశాల నుంచి బయల్దేరే విమానం రద్దయితే ఆ యూనియన్‌దే 261/2004 అనే నిబంధన ఉంది. దూరం 3,500 కిలోమీటర్లు దాటి, అసాధారణ కారణమేదీ లేకపోతే మనిషికి 600 యూరోల దాకా పరిహారం అడగొచ్చు. కూపన్లు చేతిలో పెట్టినవాళ్లు ఈ మాట చెప్పరు. నేను ఇంటికి రాగానే ఫారం నింపాను. ఖర్చుల జాబితాలో, లోపలికి వెళ్లకుండానే టాయిలెట్‌కి రెండుసార్లు కట్టిన డబ్బు కూడా రాశాను, రసీదులతో సహా.